గ్రనాడా నుంచి గండికోట దాకా

జర్మనీలో ఇంజినీరింగు పై చదువు చదువుతున్న మా మేనల్లుడు గత శీతకాలపు సెలవులకు స్వదేశం వచ్చాడు. అతని సొంత ఊరు పులివెందుల. అయినా అమ్మమ్మను చూడాలన్న ఆత్రుతతో మొదటి వారంలోనే ప్రొద్దుటూరులోని మా ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఉన్నాడు. ఒక రాత్రి ఇషా నమాజు, భోజనాలు ముగిసిన తరువాత ఇంటిల్లిపాదిమీ నడిమింట్లో చేరాము. అతడు ల్యాప్‌టాప్ తెరచి, అంతకుముందటి వసంతకాలంలో తోటి విద్యార్థులతో కలిసి చూసివచ్చిన ఒక నగరపు ఛాయాచిత్రాలను ఒక్కొక్కటిగా చూపసాగాడు. ఆ నగరం స్పెయిన్ దేశపు దక్షిణ భాగంలోని గ్రనాడా.

గ్రనాడా చదునైన నేలపై కట్టిన నగరం కాదు. మంచు కప్పుకున్న సియెర్రా నెవాడా పర్వతాలు వెనుక నిలిచి ఉండగా, వాటి పాదాల దగ్గరి కొండల మీదికి ఎగబాకిన నగరం అది. రెండు కొండలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి నడుమ దార్రో అనే సన్నని యేరు పారుతుంది. ఒక కొండపై అల్‌హంబ్రా కోట, ఎదుటి కొండపై అల్బాయిసీన్ అనే పాత పేట. ఆ పేటలోని సందులన్నీ గులకరాళ్లు పరచిన ఎక్కుడు దారులే. కొన్నిచోట్ల ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవడమే కష్టమట. వీపున సంచి తగిలించుకుని ఆ దారులెక్కేసరికి ఇరవై మూడేళ్ల కుర్రవాళ్లకు సైతం ఆయాసం వచ్చిందని చెప్పి మా మేనల్లుడు నవ్వాడు.

అల్‌హంబ్రా అన్న పేరు అరబ్బీలోని ‘అల్ హమ్రా’ నుంచి వచ్చింది. ఎర్రనిది అని అర్థం. కోట గోడల ఎరుపు రంగును బట్టి ఆ పేరు ఏర్పడింది. నస్రీ వంశ స్థాపకుడైన ముహమ్మద్ ఇబ్న్ అల్ అహ్మర్ 1238లో గ్రనాడాను తన రాజధానిగా చేసుకుని ఈ కోట నిర్మాణానికి పూనుకున్నాడు. తరువాతి సుల్తానులు దానిని రెండున్నర శతాబ్దాలపాటు పెంచుతూ వచ్చారు. లోపలి గోడలపై, తోరణాలపై, స్తంభాల నెత్తిన ఒకే వాక్యం వందలసార్లు చెక్కబడి ఉంటుంది. అల్లాహ్ తప్ప విజేత మరెవరూ లేరన్నది ఆ వాక్యపు భావం. పన్నెండు పాలరాతి సింహాలు మోస్తున్న నీటి తొట్టి ఉన్న ప్రాంగణాన్ని మా పిల్లలు కళ్లు విప్పార్చి చూశారు.

మేనల్లుడిని అన్నిటికంటె ఎక్కువగా ఆకట్టుకున్నవి చెక్కడాలు కావు, నీళ్లు. అంత ఎత్తైన కొండ మీది తోటలకు, కొలనులకు, హమ్మాములకు నీరు ఎలా వచ్చింది? మోటార్లు లేని కాలమది. దార్రో యేటిని కోటకు సుమారు ఆరు కిలోమీటర్ల ఎగువన, అంటే కోటకంటె ఎత్తులో ఉన్నచోటనే మళ్లించారు. అక్కడి నుంచి కొండ పక్కవాటు వెంబడి అతి స్వల్పమైన వాలుతో కాలువ తవ్వి తెచ్చారు. యేరు లోయలోకి దిగిపోతూ ఉంటే, కాలువ మాత్రం తన ఎత్తును కాపాడుకుంటూ కోటలో ప్రవేశించింది. స్పెయిన్ వారు నేటికీ అటువంటి కాలువను ‘అసేకియా’ అంటారు. అది అరబ్బీ ‘అస్సాఖియా’యే. అక్కడి వీధులలో కాసే నారింజను ‘నరాంహా’ అంటారు. అది అరబ్బీ ‘నారంజ్’ నుంచి వచ్చింది. ఆ అరబ్బీ మాట మన దేశం నుంచి పారశీకం మీదుగా వెళ్లినదే. “మన తెలుగు నారింజ నాకంటె ముందుగానే ఐరోపా చేరింది మామూ” అన్నాడతడు.

ఇంతవరకు ఉల్లాసంగా సాగిన సంభాషణ, మా అమ్మ అడిగిన ఒక్క ప్రశ్నతో మలుపు తిరిగింది. అమ్మకు డెబ్బై అయిదేళ్లు దాటాయి. చూపు కొంత మందగించింది. తెరకు దగ్గరగా కుర్చీ జరుపుకుని అంతా నిశ్శబ్దంగా చూస్తున్న ఆమె, “అది కట్టినోళ్ల బిడ్డలు ఇప్పుడు యాడుండారు నాయనా?” అని అడిగింది.

మేనల్లుడు తాను చదివినది చెప్పాడు. 1492 జనవరి 2న ఆఖరి సుల్తాను అబూ అబ్దుల్లాహ్, ఫెర్డినాండు, ఇసబెల్లా రాజదంపతులకు కోటను అప్పగించాడు. ముస్లిముల మస్జిదులకు, ఆచారాలకు, ఆస్తులకు భంగం కలిగించబోమని ఒప్పందం రాసుకున్నారు. పదేళ్లు తిరగకుండానే ఆ ఒప్పందం కాలరాయబడింది. మతం మారడమో, దేశం విడవడమో ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. నగరపు పెద్ద మస్జిదు చర్చిగా మారింది. మారిన వారిని కూడ నమ్మలేదు. 1568లో తిరుగుబాటు చెలరేగగా, దానిని అణచి గ్రనాడా ప్రాంతపు కుటుంబాలను దూరప్రాంతాలకు చెదరగొట్టారు. చివరికి 1609 మొదలు 1614 వరకు మిగిలిన వారందరినీ ఓడలెక్కించి ఉత్తర ఆఫ్రికా తీరాలకు వెళ్లగొట్టారు.

“సమాధులు?” అని అడిగింది అమ్మ.

ఆ ప్రశ్న అతడు ఊహించలేదు. కాసేపు ఆలోచించి, ఆఖరి సుల్తాను వెళ్లిపోతూ కోటలోని రాజవంశపు సమాధుల నుంచి తన పూర్వీకుల అవశేషాలను తీయించి, మోందూహార్ అనే గ్రామానికి తరలించి తిరిగి ఖననం చేయించాడని చెప్పాడు.

“రాజు గనక తీసకపోయినాడు” అని అమ్మ లేచి తన గదిలోకి వెళ్లిపోయింది.

ఆమె ఆ మాట ఎందుకన్నదో మాకు తెలుసు. మేనల్లుడికి తెలియదు. మేము ఎన్నడూ చెప్పలేదు. అతడు పులివెందులలో పుట్టి, హైదరాబాదు హాస్టళ్లలో పెరిగి, అక్కడి నుంచి విమానమెక్కినవాడు. ఆ మాటకొస్తే, జమ్మలమడుగు దాటితే పదిహేను కిలోమీటర్లలో ఉన్న గండికోటను కూడ అతడు చూడలేదని ఆ రాత్రే బయటపడింది. గ్రనాడా సుల్తానుల పేర్లు వరుసగా చెప్పగల బిడ్డ తన తల్లి పుట్టిన నేలను చూడలేదు. ఆ తప్పు అతనిది కాదు, చూపించని మాదే. మరునాడే బయలుదేరాలని నిశ్చయించుకున్నాము. అమ్మను కూడ రమ్మన్నాము. గత కొన్నేళ్లుగా ఆ వైపు రానని పట్టుబట్టిన ఆమె, ఏమనుకున్నదో ఏమో, ఈసారి సరేనన్నది.

ఫజ్ర్ నమాజు ముగించి, బాడుగ కారులో ప్రొద్దుటూరు విడిచాము. బంగారు అంగళ్ల వీధులు ఇంకా తెరుచుకోలేదు. జమ్మలమడుగు చేరేసరికి పొద్దు బారెడెక్కింది. అక్కడ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని గండికోట దారి పట్టాము. చదునైన పొలాలు వెనుకబడి ఎర్రమల కొండలు దగ్గరవుతున్న కొద్దీ నేల రంగు మారింది. “ఎర్రమల” అని మేనల్లుడు పేరును నోటిలో తిప్పుకుని, “అల్ హమ్రా” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

గండి అంటే కొండల నడుమ నీరు చీల్చుకున్న సందు. పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారిన చోట, ఆ సందు అంచున కట్టిన కోట కనుక గండికోట. కోట తూర్పు ద్వారం గుండా లోపలికి వెళితే, ఎడమా కుడీ బురుజులు, నడుమ ఊరు. నేటికీ అక్కడ సంసారాలున్నాయి. మేకలు, గడ్డివాములు, ఆడుకునే పిల్లలు. ఈ కోటకు నూటొక్క బురుజులని వాడుక. విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకులు తరతరాలు దీనినుంచి పాలించారు. 1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా మంత్రి మీర్ జుమ్లా దీనిని వశపరచుకున్నాడు. తరువాత కడప నవాబులు, మైసూరు పాలకులు, తుదకు ఆంగ్లేయులు.

రాళ్ల మీదుగా నడిచి లోయ అంచుకు చేరినప్పుడు పిల్లల మాటలు ఆగిపోయాయి. రెండు వైపులా నిట్టనిలువు రాతి గోడలు. ఎవరో పలకలను లెక్కపెట్టి పేర్చినట్లు పొరలు పొరలుగా ఉన్న రాయి. అడుగున, దాదాపు మూడు వందల అడుగుల లోతున, ఆకుపచ్చని నీరు. మేనల్లుడి మిత్రులలో ఒకడు భూగర్భ శాస్త్రం చదువుతున్నాడట. ఈ రాతికి ఆ శాస్త్రంలో గండికోట పేరే ఉన్నదని, దీనికి అడుగున ఉన్న మరొక రాతి పొరకు పులివెందుల పేరు పెట్టారని అతడు చెప్పాడు. ఒకనాటి సముద్రం కింద పేరుకున్న ఇసుకే కోట్లాది సంవత్సరాల ఒత్తిడికి ఈ రాయిగా మారింది. ఇంత పెద్ద కాలం ముందర మన పెమ్మసాని వారు, మీర్ జుమ్లా, నస్రీ సుల్తానులు అందరూ నిన్న వచ్చి నేడు పోయిన బాటసారులే.

అక్కడినుంచి జామియా మస్జిదుకు వెళ్లాము. ఎత్తైన అరుగు మీద విశాలమైన ప్రాంగణం, చుట్టూ తోరణాల వసారాలు, ఆకాశంలోకి సన్నగా లేచిన మినార్లు. మేము వెళ్లిన వేళ అక్కడ మేము తప్ప మరెవరూ లేరు. పక్కనే కమాను కప్పుతో ధాన్యపు కొట్టు. మరికొంత దూరంలో మాధవరాయ స్వామి ఆలయ గోపురం. మస్జిదు మెట్ల మీద నిలబడితే గోపురం కనబడుతుంది, గోపురం దగ్గర నిలబడితే మినార్లు కనబడతాయి. మస్జిదు పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కనుక, అక్కడి నియమాన్ని గౌరవించి, బయట వేపచెట్టు నీడన చాపలు పరచుకుని జుహర్ నమాజు చేసుకున్నాము. మోకాళ్ల నొప్పులతో లోయ అంచు దాకా రాలేకపోయిన అమ్మ మాకంటె ముందే అక్కడ వుజూ చేసుకుని కూర్చుని ఉన్నది.

నమాజు తరువాత, మూడు వందల డెబ్బై ఏళ్ల క్రితం ఇక్కడికి వచ్చిన ఒక ఐరోపా యాత్రికుని గురించి పిల్లలకు చెప్పాము. అతడు టవర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు. 1652లో మీర్ జుమ్లాను కలుసుకోవడానికి గండికోటకు వచ్చి, తాను చూసినదంతా తన యాత్రా గ్రంథంలో రాశాడు. కొండపైకి వచ్చే దారి ఎంత ఇరుకైనదో, పక్కన అగాధంలో నది ఎలా పారుతున్నదో, ఇంత ఎత్తున కూడ ఊటల నీటితో పంటలు ఎలా పండుతున్నాయో వర్ణించాడు. మీర్ జుమ్లా కొలువు తీరిన తీరును అతడు ఆశ్చర్యంతో గమనించాడు. జవాబు రాయవలసిన ఉత్తరాలను చేతివేళ్ల నడుమ, కాలివేళ్ల నడుమ కూడ ఇరికించుకుని, ఒక్కొక్కటిగా తీస్తూ లేఖకులకు జవాబులు చెప్పేవాడట. ఇది విని మా చిన్నవాడు తన కాలివేళ్ల మధ్య ఎండుటాకులు పెట్టుకుని నవాబుగా కూర్చున్నాడు.

టవర్నియే మరొక సంగతి కూడ రాశాడు. దానిని దాచడం మాకు ధర్మమనిపించలేదు. మీర్ జుమ్లా దగ్గర ఒక ఫ్రెంచి ఫిరంగుల పోతగాడు ఉండేవాడు. ఆలయాలలోని రాగి విగ్రహాలను సేకరించి, కరిగించి, ఫిరంగులు పోయించే పనికి మీర్ జుమ్లా అతణ్ణి నియోగించాడు. ఇది విన్న మా అమ్మాయి, ఇంటర్మీడియెట్ చదువుతున్నది, “అయితే గ్రనాడాలో మస్జిదును చర్చి చేసినవారికీ ఈయనకూ తేడా ఏముంది అబ్బా?” అని అడిగింది.

ఏమి చెప్పగలము? గ్రనాడా కోసం దుఃఖించి గండికోట దగ్గర సాకులు వెదకడం న్యాయం కాదు. మనవారికి వ్యతిరేకంగానైనా న్యాయం వైపే నిలబడమని మన గ్రంథం మనలను ఆదేశిస్తున్నది. ఫిరంగులు కావలసిన మంత్రి చేసిన పని అతనిది. దానికి ధర్మం పేరు తగిలించనక్కరలేదు, దానిని కప్పిపుచ్చనక్కరలేదు. ఈ మాటే అమ్మాయికి చెప్పాము. ఆమె తల ఊపి గోపురం వైపు చాలాసేపు చూసింది. గర్వపడడానికే చరిత్ర చదివితే సగం పేజీలు చించివేయవలసి వస్తుందని ఆమె చూపు మాకు నేర్పింది.

అసలు ప్రయాణం అక్కడి నుంచే మొదలయింది. తిరిగి జమ్మలమడుగు వచ్చి, ముద్దనూరు మీదుగా కొండాపురం వైపు సాగాము. కారులో ఎవరూ మాట్లాడలేదు. కోటకు ఎగువన పెన్నా నదిపై గండికోట జలాశయం ఉన్నది. గాలేరు–నగరి సుజల స్రవంతిలో భాగంగా, శ్రీశైలం నుంచి కాలువల ద్వారా వచ్చే కృష్ణా జలాలను ఇక్కడ నిలువ చేస్తారు. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. జలాశయం నిండాలంటే నది ఒడ్డున ఉన్న ఊళ్లు ఖాళీ కావాలి. తాళ్లప్రొద్దుటూరు వంటి పెద్ద ఊళ్లతో పాటు ఎన్నో గ్రామాలు ముంపు జాబితాలో చేరాయి. 2020లో నీటిమట్టం పెరుగుతూ వచ్చి ఆ ప్రాంతపు జనం కట్టుబట్టలు, సామాన్లు, తలుపుల చెక్కలతో సహా పునరావాస కాలనీలకు తరలిపోయారు. వాటిలో ఒక చిన్న ఊరు మాది. మేము పుట్టినది అక్కడే. మా చెల్లెలు, అంటే మేనల్లుడి తల్లి, పుట్టినదీ అక్కడే. ఉద్యోగరీత్యా మేము ప్రొద్దుటూరు చేరినా, మా నాయన ఖబరు ఉన్న ఊరు విడవనని అమ్మ చివరి రోజు దాకా అక్కడే ఉన్నది. ట్రాక్టరులో మంచాలు ఎక్కించేటప్పుడు కూడ ఆమె ఏడవలేదు. ఆ తరువాత మాత్రం ఆ వైపు రానన్నది. “ఏం జూసేది? నీళ్లేగదా” అనేది.

రోడ్డు పక్కన కారు ఆపి, కంకర బాటలో కొద్ది దూరం నడిచి నీటి అంచుకు చేరాము. ఎటు చూసినా నీరే. గాలికి చిన్న అలలు లేచి ఒడ్డున రాళ్లను తాకుతున్నాయి. కొన్నిచోట్ల మోడువారిన చెట్ల కొమ్మలు నీటి పైకి కనిపిస్తున్నాయి. సంగతి తెలియనివారికి అది ఎంతో సుందరమైన దృశ్యం. మా వెనుకనే వచ్చిన ఒక యువజంట నవ్వుతూ ఛాయాచిత్రాలు తీసుకుని వెళ్లిపోయింది. వారిని తప్పుపట్టలేము. ఇక్కడ ఊళ్లు ఉండేవని చెప్పే గుర్తేదీ ఆ ఒడ్డున మాకు కనబడలేదు. గ్రనాడాకు వెళ్లే యాత్రికుడికి చరిత్ర చెప్పడానికి గోడలైనా మిగిలాయి.

అమ్మ మేనల్లుడి భుజం పట్టుకుని నిలబడింది. కొండల వరుసను చాలాసేపు పరికించి, చెయ్యెత్తి చూపింది. “ఆ కొండ ముక్కుకు నేరుగా మస్జిదు. మస్జిదుకు పడమట చింతచెట్టు. చెట్టు దాటితే ఖబరస్తాన్.” ఆ తరువాత ఆమె చేసిన పని మేమెవ్వరమూ ఊహించలేదు. తలపై కొంగు సర్దుకుని, నీటి వైపు తిరిగి, ఖబరస్తాన్ వాకిట నిలబడి చెప్పినట్లే అక్కడి వారందరికీ సలాము చెప్పింది. పేరు పేరునా చెప్పింది. మా నాయనకు, ఆయన తల్లిదండ్రులకు, నెల తిరగకుండానే పోయిన మా పెద్దన్నకు, కలరా వచ్చిన ఏడు పోయిన ఇద్దరు వదినలకు. అటుపై చేతులెత్తి దుఆ చేసింది. మేమూ చేతులెత్తాము. దుఆకు దూరం అడ్డు కాదని, మట్టి ఎంతో నీరూ అంతేనని మాకు తెలుసు. అయినా అక్కడికి వచ్చి చేసిన దుఆతో ఆమె ముఖంలో ఏదో బరువు దిగిన సంగతి మా కళ్లారా చూశాము. ఇన్నేళ్లు ఆమెను తీసుకురాని మా ఉదాసీనత మమ్మల్ని సిగ్గుపరచింది.

తిరిగి కారెక్కేముందు మేనల్లుడు మెల్లగా అన్నాడు, “మామూ, అల్బాయిసీన్‌లో ఒక ఇంటి ముందు నిలబడి, ఇక్కడ ఎవరుండేవారో, ఎక్కడికి పోయారో అని ఎంతో బాధపడ్డాను. మా అమ్మ పుట్టిన ఇల్లు నీళ్ల కింద ఉందని ఇవాళ తెలిసింది.”

అసర్ దాటాక పులివెందుల చేరాము. మా బావగారికి ఊరి వెలుపల నాలుగెకరాల చీనీ తోట ఉన్నది. ఆ తోట కథ ఈ కథలో రెండవ సగం. కరువు సంవత్సరాలలో ఆయన బోరు మీద బోరు వేశారు. కొన్నిట్లో దుమ్ము తప్ప చుక్క రాలేదు. ట్యాంకర్లతో నీళ్లు తోలించి చెట్ల ప్రాణం నిలబెట్టారు. అప్పు పెరిగింది. ఒక దశలో చెట్లు కొట్టివేద్దామనుకున్నారు. తరువాత గండికోట జలాశయం నుంచి ఎత్తిపోతల ద్వారా నీరు చిత్రావతి బ్యాలెన్సింగ్ జలాశయానికి చేరసాగింది. కాలువకు నీరు వచ్చింది, చుట్టుపట్ల భూగర్భ జలం పైకి లేచింది, తోట బతికింది. ఆ తోట ఆదాయంతోనే మేనల్లుడు జర్మనీ వెళ్లాడు. గ్రనాడా వారు వాలును ఆసరా చేసుకుని నీటిని కొండ మీదికి చేర్చారు, మనవారు మోటార్లతో చేర్చారు. తేడా ఏమంటే, మన నీరు ఎక్కడ నిలిచి పైకి వచ్చిందో అక్కడ మన ఊరు ఉండేది.

ఈ సంగతి బావగారికి మొదటి నుంచీ తెలుసు. అందుకే అత్తగారిని తోటకు ఎన్నడూ పిలవలేదు. ఆమె ముందు కాలువ మాట ఎత్తేవారు కాదు. ఆ సాయంత్రం అమ్మే తోట చూస్తానన్నది. పండబారిన కాయలతో వంగిన కొమ్మల నడుమ నిదానంగా నడిచి, నీటి తొట్టి దగ్గర ఆగింది. “ఇవి మా నీళ్లేనా అల్లుడా?” అని అడిగింది. బావగారు తలవంచుకుని, “అవునత్తా” అన్నారు. మగ్రిబ్ వేళవుతున్నది. ఆమె తొట్టి అంచున కూర్చుని ఆ నీటితోనే వుజూ చేసింది. చేతులు, నోరు, ముఖం, మోచేతులు, తల, పాదాలు. తొందర లేకుండా చేసి, లేచి, “మంచిదే, వృథా పోలేదు” అన్నది. కొంచెం ఆగి, “అయితే ఈ కాయలు తినేటోళ్లకు ఆ సంగతి ఎవరన్నా చెప్పాల” అన్నది.

మేము ఆ మాట గురించి చాలా ఆలోచించాము. అమ్మ నీటిని తప్పుపట్టలేదు. తోట ఎండిపోవాలని కోరలేదు. కరువు సీమలో నీరు అల్లాహ్ కారుణ్యమని ఆమెకు మనకంటె ఎక్కువ తెలుసు, మైళ్లు నడిచి బిందె మోసిన తరం ఆమెది. ఆమె అడిగినది ఒక్కటే. ఒకరి మేలు వెనుక మరొకరి త్యాగం ఉన్నప్పుడు, మేలు పొందినవారికి ఆ సంగతి తెలిసి ఉండాలి. తెలియని మేలుకు కృతజ్ఞత పుట్టదు. కృతజ్ఞత లేనిచోట, కాలనీలో ఇంకా ఇల్లు పూర్తికాని ముంపు గ్రామస్థుడు మనకు గుర్తు రాడు.

ఆ రాత్రి భోజనాల తరువాత మేనల్లుడు ఈసారి ల్యాప్‌టాప్ తెరవలేదు. పెద్ద తెల్లకాగితం పరచి అమ్మమ్మ పక్కన కూర్చున్నాడు. “నానీ, బస్సు దిగిన చోటి నుంచి చెప్పు” అన్నాడు. ఆమె కళ్లు మూసుకుని చెప్పసాగింది. బస్సు నిలిచే చోట రచ్చబండ. కుడి చేతికి రామాలయం. ఎడమకు తిరిగితే నూర్‌బాషాల ఇళ్లు మూడు. ఆ పైన కుమ్మరి వారి వాకిలి. తీపి నీళ్ల బావి, ఉప్పు నీళ్ల బావి. మస్జిదు, దాని ముందర మా నాయన నాటిన వేపచెట్టు. ఏ ఇంట ఎవరు, వారి బిడ్డలు ఏ ఊరికి పోయారు, ఎవరి గోడ ఎవరితో కలిసి ఉండేది, అన్నీ చెప్పింది. మరచిపోయిన చోట మా చెల్లెలు అందుకున్నది, ఇద్దరూ తడబడినచోట మేము అందుకున్నాము. అర్ధరాత్రి దాటేసరికి కాగితం మీద అరవై మూడు ఇళ్లు, రెండు బావులు, నాలుగు వీధులు, ఒక ఖబరస్తాన్ తయారయ్యాయి. ఖబరస్తాన్‌లో ఎవరి సమాధి ఎక్కడో కూడ అమ్మ గుర్తులు పెట్టించింది.

గ్రనాడాలో అల్‌హంబ్రాకు ఎదురుగా, అల్బాయిసీన్ కొండపై 2003లో ఒక కొత్త మస్జిదు తెరిచారు. మా మేనల్లుడు అక్కడ నమాజు చేశాడు. వెళ్లగొట్టబడిన వారి తరువాత ఐదు శతాబ్దాలకు అక్కడ మళ్లీ అజాన్ వినిపించిందంటే, ఎవరో ఆ జ్ఞాపకాన్ని మిగిల్చారు కనుకనే. మన ఊరి కథ గ్రనాడా కథ వంటిది కాదు. మనలను ఎవరూ మతం పేరిట వెళ్లగొట్టలేదు. రామాలయమూ మస్జిదూ ఒకే నీటి కింద ఉన్నాయి. అయినా మరచిపోవడం మాత్రం రెండు చోట్లా ఒకే తీరున జరుగుతుంది. ముందు గుర్తులు పోతాయి, తరువాత పేర్లు పోతాయి, ఆ పైన అడిగేవారు పోతారు.

పాఠక సోదర సోదరీమణులకు మా మనవి ఇంతే. మీ బిడ్డలు దూర దేశాలు చూసి రావాలి, తప్పక చూడాలి. గ్రనాడా చూడకపోతే మా మేనల్లుడికి ఆ ప్రశ్నలు పుట్టేవి కావు, మా అమ్మ ఆ మాట అడిగేది కాదు. కానీ వారు తిరిగి వచ్చినప్పుడు, ఇంటికి ముప్పై నలభై కిలోమీటర్లలో ఉన్న కోటను, యేటిని, పోయిన ఊరిని మనమే చూపించాలి. ఇంట్లో పెద్దలు ఉండగానే ఒక కాగితం తీసుకుని వారి పక్కన కూర్చోవాలి. అందులో మనకు గర్వకారణమైనవి, కానివి రెండూ రాసుకోవాలి.

మేనల్లుడు జర్మనీకి తిరిగి వెళ్లేటప్పుడు ఆ పటానికి నాలుగు నకళ్లు తీయించాడు. ఒకటి తాను తీసుకుపోయాడు. ఒకటి మా చెల్లెలి ఇంట, ఒకటి పునరావాస కాలనీలోని మస్జిదులో ఉన్నది. నాలుగవది ప్రొద్దుటూరులో అమ్మ మంచం పక్కన గోడకు ఉన్నది. ఇటీవల కాలనీ నుంచి ఎవరైనా చూడవచ్చినప్పుడల్లా ఆమె వారిని పటం ముందు నిలబెట్టి, వారి ఇల్లు సరిగా గుర్తించిందో లేదో అడుగుతున్నది. ఇప్పటికి ఐదు తప్పులు దిద్దారు. అరవై మూడు ఇళ్లు అరవై ఆరయ్యాయి.